పాత ఇంటికీ పెరటికీ విలువ కట్టడం ఎలా: పంపకాలకి ముందే చేసుకోవాల్సిన పని

పంపకాల కాగితంలో పాత ఇంటికి మామూలుగా రెండే లెక్కలు కనిపిస్తాయి. జాగా డెసిమల్‌కి (అంటే సెంటుకి) ఎంత, కూలిస్తే వచ్చే కర్రా పెంకూ ఎంతకి పోతాయి. మూడో లెక్క ఇంకొకటి ఉంది. ఆ ఇల్లు ఎవరు కట్టారు, దేనితో కట్టారు, అందులో ఏయే పనులు జరిగేవి, పెరట్లో ఏ చెట్టు ఎందుకు అక్కడే ఉంది, ఆ వీధి అరుగుతో ఊరికి ఏం సంబంధం. దీన్ని రూపాయల్లో చెప్పలేం కాబట్టి ఎవరూ రాయరు. తీరా కూల్చే రోజున ఇంటి తరఫున చూపించడానికి ఒక్క కాగితం ఉండదు.

నేను దక్షిణ ఒడిషాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల అన్నదమ్ముల మధ్య ఇళ్ళూ పొలాలూ కొలిచిపెట్టే ప్రైవేటు అమీనుని. టేపు పట్టుకుని నేను గుమ్మం ఎక్కేసరికే చాలా కుటుంబాల్లో ఇల్లు ఏం చెయ్యాలో తేల్చేసుకుని ఉంటారు. నన్ను కొంచెం ముందు పిలిచిన ఇళ్ళలో మాత్రం ఈ మూడో లెక్క కూడా రాయిస్తాను. దానికి ఇంజనీరు అక్కర్లేదు. గళ్ళ నోటుబుక్కు, పొడుగాటి టేపు, టార్చి, ఫోను, ఆ ఇంట్లో కాపురం చేసిన పెద్దావిడ ఒకరు ఉంటే చాలు. ఇల్లు ఉంచుకుంటారా, అమ్ముతారా, కొత్తది కడతారా అన్నది తర్వాత మాట్లాడుకోండి. ఒక్క పెంకు కూడా తియ్యకముందే ఈ పని అయిపోవాలి.

దీనికి మంచి కాలం కార్తీకం. వానలు అప్పుడే వెనకపట్టి ఉంటాయి. ఏ గోడ ఎంత ఎత్తుదాకా చెమ్మ పీల్చిందో, కప్పు ఎక్కడ కారిందో మరకలు తాజాగా కనిపిస్తాయి. నూతిలో నీటిమట్టం మాత్రం వైశాఖంలో మళ్ళీ ఒకసారి కొలిచి రాసుకోండి.

ముందు ఒక భయం

"వారసత్వం అని రాస్తే గవర్నమెంటు వచ్చి ఇల్లు పట్టుకుపోతుందేమో" అన్న టెన్షన్ ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి ఉంటుంది. అలా జరగదు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద ఒక కట్టడానికి రక్షణ రావాలంటే దానికి కనీసం 100 ఏళ్ళు ఉండాలి. జాతీయ ప్రాముఖ్యం ఉన్నదని కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి రెండు నెలల గడువు ఇవ్వాలి. మీ ఇంటికి నూరేళ్ళు నిండినంత మాత్రాన అది దానంతటదే రక్షిత కట్టడం అయిపోదు. మీ ఇల్లు శ్రీముఖలింగం గుళ్ళ లాంటి రక్షిత కట్టడానికి దగ్గర్లో ఉంటే అది వేరే సంగతి. అక్కడ 100 మీటర్ల లోపు కొత్త కట్టుబడి నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి.

ఇంట్లోని వస్తువుల సంగతి జాగ్రత్తగా చూడాలి. 100 ఏళ్ళు దాటిన శిల్పాలూ చెక్కడాలూ, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతులూ 1972 చట్టం కింద పురావస్తువులు. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. పాత తలుపులూ ఇత్తడి సామాన్లూ కొంటామని ఊళ్ళమ్మట తిరిగేవాళ్ళకి అటక మీది తాటాకు కట్ట చూపించకండి. ఆ కట్టని నూనెగుడ్డతో తుడిచెయ్యడం, ఎండలో పెట్టడం కూడా వద్దు. పొడిగుడ్డలో చుట్టి, భువనేశ్వర్‌లోని ఒడిషా స్టేట్ మ్యూజియంలో అడగండి. తాటాకు ప్రతుల పెద్ద సేకరణ ఉన్న చోటు అది.

పెద్దవాళ్ళని కూర్చోబెట్టకండి, నడిపించండి

మంచం మీద కూర్చోబెట్టి "ఈ ఇల్లు ఎప్పుడు కట్టారు?" అని అడిగితే "మా మావగారి కాలంలో" అనే జవాబు దగ్గరే ఆగిపోతాం. వాళ్ళని నెమ్మదిగా ఇల్లంతా తిప్పుతూ పనుల గురించి అడగాలి. వంశధార ఒడ్డున మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు రాసినప్పుడు వీధి గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా, ధాన్యం ఇటునుంచే లోపలికి తెచ్చేవారా?" అన్నాను.

"ఇటెందుకు తెస్తార్రా, ఇది మనుషులొచ్చే గుమ్మం. బళ్ళు కళ్ళంలోంచి పెరటి దారిన వచ్చేవి. గాదెలో పోశాక, మొదటి కుంచం మాత్రం మీ పెదనాన్న చేత ఇటు తెప్పించి ఈ గడప దగ్గర దింపించేవారు."

ఆ జవాబుతో పెరటి తలుపు అంత వెడల్పు ఎందుకుందో తెలిసింది, గాదె నేలకి ఆ మూల రాతి దిమ్మలు ఎందుకున్నాయో తెలిసింది. గడప మీద అరిగిన పల్లం ఫొటో తీసి, ఆ మాటలు దాని కిందే రాసుకున్నాను.

అడగాల్సినవి ఇలాంటివే. పురుడు ఏ గదిలో పోసేవారు? బయటివాళ్ళు ఎంతవరకు వచ్చేవారు, ఎవరిని అరుగు దాటి రానిచ్చేవారు కాదు? ఈ రెండో ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. ఇంటి చరిత్రలో అది కూడా ఉంది, దాచి రాస్తే ఆ కాగితం అబద్ధం అవుతుంది. సంత రోజున కొండల మీంచి చింతపండూ, అడ్డాకులూ, కొండచీపుర్లూ తెచ్చే సవరలు ఎక్కడ దిగేవారు? వాళ్ళతో ఏ భాషలో బేరం నడిచేది? పర్లాకిమిడిలో ఉన్న రోజుల్లో గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టి సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆయనలా చదువుకోకపోయినా సవర మాటల్లో లెక్కలు చెప్పగలిగిన ముసలివాళ్ళు ఇప్పటికీ మన అరుగుల మీద కనిపిస్తారు. ఆ మాటలు ఫోనులో రికార్డు చెయ్యండి, అడిగి, వాళ్ళు సరేనన్నాకే.

కొలవడం

గళ్ళ కాగితం మీద ఒక గడి ఒక అడుగు అనుకుంటే లెక్క తేలిక. ముందు బయటి గోడలు, తర్వాత మండువా, తర్వాత దాని చుట్టూ గదులు. ప్రతి గదికీ నాలుగు గోడలతోపాటు మూల నుంచి ఎదురు మూలకి రెండు ఐమూల కొలతలూ తీసుకోండి. ఆ రెండూ సమానంగా రాకపోతే గది ఒంకరగా ఉన్నట్టు. పాత మట్టిగోడల ఇళ్ళలో అది మామూలే. సరిచేసి గియ్యకండి, ఉన్నది ఉన్నట్టే గియ్యండి. గోడ మందం గుమ్మం దగ్గర కొలిస్తే తెలుస్తుంది. మట్టిగోడ అడుగున్నర దాకా ఉంటుంది, తర్వాత ఎప్పుడో కట్టిన ఇటుక గోడ సన్నగా ఉంటుంది. మందం ఎక్కడ మారిందో అక్కడ ఇంటికి ఒక మార్పు జరిగినట్టు. గుర్తు పెట్టుకుని ఎందుకో అడగండి.

మన వైపు ఊళ్ళలో వీధికి అటూ ఇటూ ఇళ్ళు వరసగా, ఉమ్మడి గోడలతో ఉంటాయి. అందుకని పక్కింటి గోడ ఎక్కడ మొదలైందో, ఏ దూలం ఎవరి గోడ మీద ఆనిందో తప్పకుండా రాయాలి. వరసలో ఒక ఇల్లు తీసేస్తే పక్క ఇంటి మట్టిగోడ మొదటిసారి నేరుగా వానలోకి వస్తుంది. అలా రెండు వానాకాలాల్లో కూలిన గోడలు నేను చూశాను. తీసేవాళ్ళే ఆ గోడకి చూరు దింపి ఇవ్వాలని ముందే మాట అనుకోవాలి.

పెరడు కూడా అదే కాగితం మీద గియ్యండి. వేరే కాగితం వద్దు. ఎందుకో కిందికి వచ్చాక చెబుతాను.

ఫొటోలకి ఒక పద్ధతి పెట్టుకోండి. ప్రతి గదినీ ఎదురెదురు మూలల నుంచి రెండు, ప్రతి తలుపూ ఎదురుగా ఒకటి, పక్కన టేపు కనిపించేలా. అదే రాత్రి ఒక్కో ఫొటోకీ గది పేరు రాసేసుకోవాలి. వారం ఆగితే అన్ని గోడలూ ఒకేలా కనిపిస్తాయి.

వయసు పట్టుకోవడం

ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదట ద్వారబంధం చూడండి. పై కమ్మీ మీద రంగుల కింద అక్షరాలు పూడిపోయి ఉండొచ్చు. టార్చిని పక్కనుంచి గోడకి ఆనించినట్టు వేస్తే నీడలు పడి చదవడానికి వస్తాయి. గీకకండి. మా పెద్దమ్మ వాళ్ళ ఇంటి కమ్మీ మీద గజలక్ష్మి కింద "దుందుభి నామ సంవత్సర వైశాఖ శు" దాకా వచ్చింది, మిగతాది పురుగు తినేసింది. సంవత్సరాల పేర్లు అరవయ్యేళ్ళకొకసారి తిరిగి వస్తాయి. దుందుభి 1862లో వచ్చింది, 1922లో వచ్చింది, 1982లో వచ్చింది. 1982 కాదని పెద్దమ్మే చెప్పగలదు, ఆవిడ కాపురానికి వచ్చిందే అంతకు ముందు. మిగిలింది 1862, 1922.

అప్పుడు కప్పు కిందికి వెళ్ళాం. మండువా మీద అడ్డంగా ఒక ఇనుప గడ్డరు ఉంది. దాని పక్కన మట్టి తుడిస్తే టాటా ముద్ర కనిపించింది. టాటా వాళ్ళ జంషెడ్‌పూర్ కర్మాగారంలో ఉక్కు తయారవడం మొదలైంది 1912లో. పైగా అంత బరువు సామాను పర్లాకిమిడికి తేలిగ్గా రావాలంటే నౌపడా నుంచి రైలు ఉండాలి, ఆ చిన్న రైలు 1900లో వచ్చింది. గుణుపురం దాకా పొడిగించింది 1931 నాటికి. గడ్డరు చివరలు గోడ లోపలికి, గోడతోపాటే కట్టినట్టు ఉన్నాయి, తర్వాత తొలిచి దూర్చిన జాడ లేదు. కాబట్టి ఇల్లు 1922 వైశాఖానిది. ఏదైనా ఇంటికి ఇలాగే ఒకదానితో ఒకటి సరిపోయే రెండు మూడు ఆధారాలు దొరికే దాకా సంవత్సరం ఖాయం చెయ్యకండి. ఇంగ్లండులోని డార్మన్ లాంగ్ కంపెనీ ముద్ర ఉన్న గడ్డర్లు కూడా పాత ఇళ్ళలో కనిపిస్తుంటాయి.

పెంకు వెనక ముద్ర ఉంటుంది. బంగాళా పెంకు అంటే మంగుళూరు తరహా పెంకు. బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో ఆ కర్మాగారం పెట్టింది 1865లో, కొన్ని పెంకుల మీద ఆ ఏడాదే అచ్చు వేసి ఉంటుంది. దాన్ని చూసి ఇల్లు 1865దని పొరబడేవాళ్ళున్నారు. అది కర్మాగారం పెట్టిన ఏడాది. అదీకాక పెంకు చెప్పేది కప్పు వయసు మాత్రమే. మన ఇళ్ళలో మొదట గడ్డి, తర్వాత నాటుపెంకు, ఆ తర్వాత బంగాళా పెంకు మారడం సహజం. వాసాల మీద పాత మేకుల బెజ్జాలు ఎక్కువ వరసల్లో ఉంటే కప్పు మారినట్టే.

గోడ రంగుల పొరలు తలుపు చాటున, ఎవరికీ కనపడని చోట, గోరంత మేర బ్లేడుతో ఒక్కొక్కటిగా తియ్యండి. సున్నం, నీలిమందు కలిపిన సున్నం, పసుపు డిస్టెంపరు, ఆపైన ప్లాస్టిక్ పెయింటు ఇలా వస్తాయి. పొరల వరస రాసుకుని ఒక ఫొటో తీస్తే చాలు.

ఇక కాగితాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిషా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం, టెక్కలి అటు మద్రాసులోనే ఉండిపోయాయి. గిడుగు వారు ఆ ఏడాదే పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అందువల్ల మన ఇళ్ళ పాత దస్తావేజులు తెలుగులో ఉంటాయి, ఇప్పటి పట్టా ఒడియాలో ఉంటుంది. పిల్లలు ఒడియా, ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నారు కాబట్టి వాళ్ళకి తాత సంతకం బొమ్మలా కనిపిస్తుంది. పాత దస్తావేజు స్కాన్ చేయించి, దాన్ని చదవగలిగిన పెద్దాయన ఉండగానే ప్రతి మాటా తిరిగి రాయించుకోండి. పాత సర్వేలోని సాబిక్ ప్లాటు నంబరూ, కొత్త సర్వేలోని హాల్ నంబరూ పక్కపక్కన రాయండి. హాల్ నంబరు ఒడిషా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో దొరుకుతుంది, సాబిక్ కావాలంటే తహసీల్దారు ఆఫీసుకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇల్లూ పెరడూ రెండూ ఘరబారి కిసంలోనే (ఇంటిస్థలం తరగతిలోనే) ఉన్నాయో, పెరడు వేరే కిసంలో పడిందో కూడా చూసుకోండి. పంపకాల్లో గొడవ తరచు అక్కడే మొదలవుతుంది.

విలువ రాయడం

ఇప్పుడు అసలు పని. 1979లో ఆస్ట్రేలియాలోని బుర్రా అనే పాత రాగిగనుల ఊళ్ళో కట్టడాల సంరక్షణ మీద ఒక పత్రం రాసుకున్నారు. దాని ఇప్పటి రూపంలో ఒక చోటుకి అయిదు రకాల విలువలు చెబుతారు: అందం, చరిత్ర, విజ్ఞానం, సమాజం, ఆధ్యాత్మికం. కోటలకీ గుళ్ళకీ పనికొచ్చే ఈ వరస మన పెంకుటిళ్ళకి కూడా చక్కగా సరిపోతుంది. ఒక్కో విలువకి నాలుగైదు వాక్యాలు రాయండి. అంతకు మించి వద్దు.

పెద్దమ్మ వాళ్ళ ఇంటికి నేను రాయించింది చెబుతాను. అందం కింద ద్వారబంధం, మండువా చుట్టూ ఉన్న ఎనిమిది పనస కర్ర స్తంభాలు. చరిత్ర కింద 1922, రైలులో వచ్చిన గడ్డరు, తెలుగు దస్తావేజు. విజ్ఞానం కింద రెండు విషయాలు: మూరెడు మూరెడు ఎత్తున ఆరబెడుతూ వేసిన మట్టిగోడ, నాలుగు వైపుల కప్పు నీళ్ళూ మండువాలో పడి తూములోంచి పెరట్లోకి పోయే ఏర్పాటు. సమాజం కింద అరుగు. ఆధ్యాత్మికం కింద దేవుడి గది కాదు, వీధి గడప. అమ్మవారి సంబరంలో ఘటాలు ఆ గడప ముందు ఆగుతాయి, ఇంటావిడ పసుపునీళ్ళు పోస్తుంది. దేవుడి గది ఆ ఇంట్లో ఇటీవల పలకలు అతికించి మార్చుకున్నదే, దాన్ని మళ్ళీ మార్చినా నష్టం లేదు.

రాశాక ఇంటి ప్లాను మీద మూడు రంగులు వేసుకోండి. ముట్టుకోకూడనివి, జాగ్రత్తగా మార్చుకోదగ్గవి, తీసేసినా పోయేదేమీ లేనివి. వంటింటిని గ్యాసు పొయ్యికి తగ్గట్టు మార్చుకోవడం, లోపలే బాత్రూము కట్టుకోవడం పాపమేమీ కాదు. ఆడవాళ్ళు అర్ధరాత్రి వానలో పెరటి చివరికి నడవాల్సిన ఇల్లు ఎంత పాతదైనా దాన్ని నిలబెట్టమని అడిగే హక్కు ఎవరికీ లేదు. అలాంటి మార్పులు పెరటి వైపు పంచలో చేసుకుంటే మండువా చెక్కుచెదరదు.

నా వరకు అన్నిటికంటే ముందు కాపాడాల్సింది వీధి అరుగు. అన్నిటికంటే ముందు పోయేదీ అదే. షట్టరు కొట్టు కోసమో, బండి పెట్టుకోవడానికో పగలగొడతారు. ఇల్లు మీదే కానీ అరుగు మీద కూర్చుని బతికింది ఊరంతా. వరసలో ఒక్క అరుగు పోగానే నడిచే నీడ తెగిపోతుంది, ఆ తర్వాత మిగతావాళ్ళూ తీసేస్తారు.

పెరడు

పెరటిని చెట్ల జాబితాలా రాస్తే సగమే రాసినట్టు. ఇంటి నుంచి పెరట్లోకి ఏం వెళ్తుందో, పెరట్లోంచి ఇంటికి ఏం వస్తుందో గీతలు గియ్యాలి. ఒకే కాగితం అన్నది అందుకే. పెద్దమ్మ వాళ్ళ పెరట్లో నూతి చప్టా మీద గిన్నెలు తోమిన నీళ్ళు ఒక పిల్లకాలవలో అరటి బోదెల్లోకి వెళ్తాయి. అరటి తాగగా మిగిలింది చేమకీ, కందకీ. స్నానాల నీళ్ళు వేరే కాలవలో కొబ్బరికి. మండువా తూము నీళ్ళు పనస పక్కనుంచి వెళ్ళి నూతికి పదడుగుల ఎగువన గుంటలో ఇంకుతాయి. పనస పడమటి గోడకి ఎండ తగలకుండా నిలబడి ఉంది. ధాన్యం ఉండే గది ఆ గోడకి ఇవతలే. అక్కడ ఆ చెట్టు కొట్టేస్తే గాదె గది వేడెక్కుతుంది. చప్టాకీ పెరటికీ కలిపి సిమెంటు పోస్తే అరటి పోతుంది, నూతిలో నీళ్ళు దిగిపోతాయి, మురుగు పక్కవాళ్ళ గోడ కిందికి వెళ్తుంది.

ఒక్కో చెట్టుకీ పేరు, నేల నుంచి ఛాతీ ఎత్తున కాండం చుట్టుకొలత, ఎవరు వేశారు, ఏ నెలలో పూత, ఏ నెలలో కాపు, ఎవరెవరికి పంచేవారు అన్నవి రాయండి. చుట్టుకొలత ప్రతిసారీ అదే ఎత్తున తియ్యాలి, సున్నంతో చిన్న గుర్తు పెట్టుకుంటే సరి. చుట్టుకొలత చూసి వయసు చెప్పేవాళ్ళని నమ్మకండి. నేల, నీళ్ళు బట్టి అది చాలా మారిపోతుంది. ఎవరి పెళ్ళికి, ఎవరి పురుటికి వేశారో అడిగితే అంతకంటే నికరమైన లెక్క వస్తుంది.

పూజపూల మొక్కలు, మందు మొక్కలు మర్చిపోకండి. నందివర్ధనం, పారిజాతం, గన్నేరు, వాము ఆకు, వస, దబ్బ. చాలామంది అమీన్లు మామిడీ టేకూ మాత్రం లెక్కేస్తారు, వాటికి ధర ఉంది కాబట్టి. ఇంట్లో ఆడవాళ్ళు రోజూ వాడేవి ఈ చిన్న మొక్కలే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదుగా పోయినప్పుడు కొబ్బరీ జీడీ పనసా ఎన్ని ఒరిగాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పెరట్లో ఒక్కటే మిగిలిన నాటు రకం ఉంటే దానికి వారసుణ్ణి ముందే తయారు చేసుకోవాలి. మామిడికి వానాకాలం మొదట్లో లేత మొక్క మీద కొమ్మ అంటు కట్టించండి, నర్సరీవాళ్ళు పెరట్లోకే వచ్చి కడతారు. టెంక పాతితే తల్లి రుచి వస్తుందన్న నమ్మకం లేదు. పనస గింజ ఎండితే మొలవదు, పండు కోసిన వారంలోపు పాతాలి. అదీ తల్లిలాగే కాస్తుందని చెప్పలేం, ఫలానా తొనే కావాలంటే అంటు కట్టించడమే దారి. కొబ్బరికి మాత్రం నిండుగా కాస్తున్న నడివయసు చెట్టు కాయ ఎంచుకోండి.

చారిత్రక తోటల గురించి, పాత కట్టడాల సంరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఇకోమాస్ 1982లో ఆమోదించిన ఫ్లోరెన్స్ పత్రంలో తోటని సజీవ స్మారకం అన్నారు. చచ్చిన చెట్టు చోట అదే జాతి చెట్టు వేసుకుంటూ పోతే తోట కొనసాగుతున్నట్టే లెక్క. పనస పోయిన చోట అందానికని అశోకా వేసుకుంటే నీడా ఉండదు, కాయా ఉండదు.

ఉంచుకుంటే ఎలా ఉంచాలి

బుర్రా పత్రంలోనే ఇంకో మాట ఉంది: అవసరమైనంత మాత్రమే చెయ్యాలి, వీలైనంత తక్కువ మార్చాలి. మన ఇళ్ళకి దీన్ని అమలు చెయ్యాలంటే మొదట సిమెంటు బస్తా దూరంగా పెట్టాలి. మట్టిగోడ నేలలోంచి చెమ్మ పీలుస్తుంది, గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే చెమ్మ బయటికి రాలేక లోపల పైకి ఎక్కుతుంది. ఉప్పు పేరుకుని, పూత పలకలు పలకలుగా ఊడి, తనతో గోడ మట్టిని కూడా లాక్కుపోతుంది. మట్టిగోడకి మట్టిపూతే, ఇటుక గోడకి సున్నపు పూతే. సున్నాన్ని నీళ్ళలో కనీసం రెండు వారాలు నానబెట్టి, ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక కలిపించండి. పూత వేశాక వారం పైన తడి ఆరకుండా చూడాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చి నెమ్మదిగా గట్టిపడుతుంది, తొందరపెడితే పగుళ్ళే మిగులుతాయి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు. పర్లాకిమిడి కోట పాత కట్టుబడి అంతా ఇలాంటి పనితనం మీదే నిలబడింది. అరవై దాటిన మేస్త్రీ ఎవరైనా మీ ఊళ్ళో ఉంటే ఆయన చేత చేయించి, పక్కన ఒక కుర్రాణ్ణి పెట్టండి.

కప్పు ఏడాదికోసారి, తొలకరికి ముందు తిరగెయ్యాలి. పగిలిన పెంకు మార్చడానికి అదే కొలత పెంకు దొరకడం కష్టం కాబట్టి, ఊళ్ళో ఎవరి ఇల్లు తీసేస్తున్నా మంచి పెంకు కొని పెరట్లో నిలబెట్టి పేర్చుకోండి. చూరు వరస, కొప్పు వరస తీగతో కట్టించండి, గాలి మొదట లేపేది వాటినే. వాసాలు, దూలాలు గోడలోకి దూరే చోట సూది గుచ్చి చూడండి. కర్ర నడిమి బాగుండి చివరే పుచ్చుతుంది. చివర మాత్రం కోసి అతుకు వేసే వడ్రంగి ఉండగా దూలం అంతా మార్చనవసరం లేదు.

పంపకాల కాగితంలో ఏం రాయాలి

మండువా మధ్యలో గోడ లేపడం అన్నిటికంటే చెడ్డ పంపకం. కొప్పు తెగి, నీళ్ళు పోయే దారి పోయి, రెండు భాగాలూ పాడవుతాయి. ఒకరు ఇల్లు, మిగతావాళ్ళు పొలమో డబ్బో తీసుకోవడం మేలు. అలా కుదరకపోతే గదులు విడిగా పంచుకుని అరుగు, మండువా, నుయ్యి, నూతి దారి, పెద్ద చెట్లు ఉమ్మడి అని విడివిడిగా పేర్లు పెట్టి రాయించండి. "మిగతాది ఉమ్మడి" అని ఒక్క ముక్కలో ముగించకండి. కప్పు ఖర్చు ఎవరిది ఎంత వంతో, చెట్టు కాపు ఎలా పంచుకుంటారో, ఎవరైనా అమ్మదలుస్తే ముందు మిగతా వాటాదార్లని అడగాలన్న షరతూ ఉండాలి. దస్తావేజు రాసే లాయరుకి మీ ప్లాను చూపించి, రిజిస్ట్రేషన్ అప్పుడు దాన్ని కూడా జత చెయ్యమనండి. మీరు రాసిన విలువ కాగితాలు ప్రతి వాటాదారుకీ ఒక్కో కట్ట, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి ఇవ్వండి. ఫోను ఫొటోలు ఫోనులోనే వదిలేస్తే ఫోనుతోపాటే పోతాయి. ముఖ్యమైనవి ప్రింటు తీయించండి.

కూల్చక తప్పని ఇళ్ళూ ఉంటాయి. పునాది దిగిపోయినవి, అందరూ వలస పోయి చూసే దిక్కు లేనివి. అప్పుడు ద్వారబంధాన్ని ముక్కలు చెయ్యకుండా మొత్తంగా దించండి. గోడ మేకుల్ని కోయించాలి, గునపంతో పెకిలించకూడదు. స్తంభాలకీ వాసాలకీ సుద్దతో నంబర్లు వేసి, అవే నంబర్లు ప్లాను మీద రాయండి. కొన్నవాళ్ళు ఎక్కడైనా తిరిగి నిలబెట్టగలుగుతారు. ముద్ర ఉన్న పెంకులు రెండు మూడు, మట్టిగోడ ముక్క ఒకటి, ద్వారబంధం ఫొటో ఊరి బడికి ఇవ్వండి, టీచరుకి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. కూల్చిన మట్టి ఎరువుగా పొలానికి పోతుంది. దాన్ని నూతిలో మాత్రం పోయనివ్వకండి. ఇల్లు లేకపోయినా నుయ్యి పనికొస్తుంది. ఇనుప జాలీ వేసి తాళం పెట్టి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా దస్తావేజులో రాయించండి.